తూకంలో బండి: ఫెర్డినాండ్ పోర్షే జీవితం

కారు కొందామనుకునే ఇళ్లలో ఇప్పుడు ఒక చర్చ తప్పకుండా వస్తోంది. పెట్రోలు బండి కొనాలా, బ్యాటరీది కొనాలా, రెండూ కలిసిన హైబ్రిడ్ కొనాలా? బదిలీల ఉద్యోగులం గనుక మా ఇంట్లో ఈ చర్చ కొత్త ఊరు వెళ్లిన ప్రతిసారీ మళ్లీ మొదలవుతుంది. మైదానంలో ఉన్న ఊళ్లో తేలిన లెక్క కొండమీది ఊళ్లో నిలబడదు. తరగతిలో ఈ మాట వచ్చినప్పుడు పిల్లలు ఇది తమ తరానికే వచ్చిన ప్రశ్న అన్నట్టు మాట్లాడతారు. నిజానికి దీని వయసు 125 ఏళ్ల పైమాటే. అప్పట్లో పాతికేళ్లు నిండని ఒక కుర్రవాడు బ్యాటరీ బండినీ, హైబ్రిడ్ బండినీ తన చేతులతో కట్టి, రోడ్డుమీద నడిపి, రెంటినీ తూచి చూశాడు. తర్వాత పెట్రోలు వైపు వెళ్లాడు. అతడే ఫెర్డినాండ్ పోర్షే.

ఆ పేరు వినగానే మీలో చాలామందికి గోడమీద అంటించుకునే రేసుకారు బొమ్మ గుర్తుకొస్తుంది. ఆ కారు ఆయన కొడుకు చేతిలో రూపుదిద్దుకున్నది. తండ్రి కథ వేరు. అందులో మెచ్చుకోవలసినవీ ఉన్నాయి, మెచ్చుకోలేనివీ ఉన్నాయి. ఒకటి చెప్పి రెండోది దాస్తే అది జీవిత చరిత్ర అనిపించుకోదు గనుక రెండూ చెబుతాం.

1875 సెప్టెంబరు 3న మాఫర్స్‌డార్ఫ్ అనే చిన్న ఊళ్లో ఆయన పుట్టాడు. ఆ ఊరు అప్పట్లో ఆస్ట్రియా-హంగరీ సామ్రాజ్యంలోని బొహీమియా ప్రాంతంలో ఉండేది. ఇప్పుడది చెక్ దేశంలో ఉంది, పేరు వ్రతిస్లావిత్సే. పక్కనున్న లిబెరెత్స్ నగరంలో ఒక భాగమైపోయింది. తండ్రి ఆంటోన్ రేకుల పనిలో ఆరితేరినవాడు. ఇంటికి ఆనుకునే పనిశాల. ఆ వృత్తి పెద్దకొడుకుకు దక్కవలసింది, కానీ ఆ అబ్బాయి పనిలో జరిగిన ప్రమాదంలో చనిపోయాడు. దాంతో తండ్రి చూపు ఫెర్డినాండ్ మీద పడింది. పదిహేనేళ్లకే సుత్తి పట్టుకున్నాడు. పగలంతా రేకులు కొట్టినా అతని మనసు మాత్రం కరెంటు మీదే ఉండేది.

కరెంటు అంటే అప్పట్లో పల్లెల్లో వింత. ఊళ్లోని తివాచీల ఫ్యాక్టరీలో విద్యుద్దీపాలు వెలిగేవి. అవి చూశాక ఆ కుర్రవాడికి వేరే ధ్యాస లేకుండా పోయింది. తీగలు, బ్యాటరీలతో కొడుకు కుస్తీ పట్టడం తండ్రికి బొత్తిగా నచ్చేది కాదు. చివరికి సాయంకాలం పూట లిబెరెత్స్‌లోని సాంకేతిక పాఠశాలకు వెళ్లే ఏర్పాటు కుదిరింది. పగలు పని, రాత్రి చదువు. 1893లో తమ ఇంట్లోనే కరెంటు దీపాలు వెలిగించి చూపించాడు. అప్పటికతనికి 18 ఏళ్లు. అదే ఏడు వియన్నా నగరంలోని ఎగ్గర్ విద్యుత్ కంపెనీలో పనికి కుదిరాడు.

వియన్నాలో అతను సాంకేతిక విశ్వవిద్యాలయంలో చేరలేదు. చేరడానికి కావలసిన చదువు గానీ, డబ్బు గానీ లేవు. పని అయ్యాక వెళ్లి, ఎవరూ అడగకుండా వెనక వరసలో కూర్చుని పాఠాలు వినేవాడు. హాజరు పట్టీలో పేరు లేని విద్యార్థి అన్నమాట. హాజరు వేసే పనిలో ఉన్న మాకు ఈ ముక్క చదివినప్పుడల్లా కొంచెం నవ్వొస్తుంది. నాలుగేళ్లలో అతను కంపెనీలో పరీక్షల విభాగానికి పెద్ద అయ్యాడు.

ఇక్కడ ఆ కాలం సంగతి కొంత చెప్పాలి. 1900 ప్రాంతంలో మోటారు బండి అంటే పెట్రోలు బండి అని ఎవరూ అనుకునేవారు కాదు. ఆవిరి బండ్లు, బ్యాటరీ బండ్లు, పెట్రోలు బండ్లు మూడూ పోటీలో ఉండేవి. ఆ ఏడాది అమెరికాలో తయారైన కార్లలో మూడో వంతుకు మించి బ్యాటరీవి. ఆవిరివి ఇంకాస్త ఎక్కువ. అన్నిటికన్నా తక్కువ పెట్రోలువి. కారణం వింతేమీ కాదు. పెట్రోలు ఇంజన్ను చేతితో హ్యాండిల్ తిప్పి లేపాలి. అది వెనక్కి తన్నిందంటే మణికట్టు విరిగేది. పొగ, వాసన, చెవులు చిల్లులు పడే మోత. బ్యాటరీ బండికి ఇవేవీ లేవు. మీట నొక్కితే కదిలేది, చప్పుడు లేకుండా పోయేది.

వియన్నాలో లుడ్విగ్ లోనెర్ అనే ఆసామి ఉండేవాడు. ఆయన కంపెనీ రాజాస్థానానికి గుర్రపు బగ్గీలు తయారుచేసే కంపెనీ. గుర్రాల కాలం పోతున్నదని ఆయనకు ముందే తెలిసిపోయింది. ఆయన బగ్గీలెక్కేవారు పొగకూ మోతకూ ఒప్పుకునే రకం కాదు గనుక, కరెంటు బండే తగినదని ఆయన తలచాడు. 1898లో ఎగ్గర్, లోనెర్ కంపెనీలు కలిసి కట్టిన బ్యాటరీ బండి వియన్నా వీధుల్లో తిరిగింది. మరుసటి ఏడాదికల్లా పోర్షే లోనెర్ కొలువులో ఉన్నాడు.

1900లో పారిస్‌లో జరిగిన ప్రపంచ ప్రదర్శనలో లోనెర్-పోర్షే కారు జనాన్ని ఆపేసింది. ఎడ్లబండి చక్రం మీరు చూసే ఉంటారు. ఆకులన్నీ వచ్చి కలిసే నడిమి భాగం ఉంటుంది కదా, సరిగ్గా అక్కడ, ముందు చక్రాలు రెంటిలోనూ ఒక్కో మోటారు పెట్టాడు పోర్షే. ఇంజను నుంచి చక్రం దాకా శక్తిని మోసే గొలుసులు, పళ్ల చక్రాలు, గేర్లు ఏవీ అక్కర్లేదు. బ్యాటరీ నుంచి తీగ, తీగ చివర మోటారు, మోటారే చక్రం. ప్రతి పళ్ల చక్రం దగ్గరా కొంత శక్తి రాపిడికి పోతుంది. చేతులు మారిన కొద్దీ డబ్బు తరిగినట్టు. మధ్యవర్తులందరినీ ఒక్క దెబ్బతో తీసేశాడన్నమాట. 1971లో చంద్రుడి మీద తిరిగిన అమెరికన్ల బండికి కూడా ప్రతి చక్రానికీ వేరు వేరు మోటారు ఉండేది.

అంతా బాగుంది గానీ, బరువు మిగిలింది. సీసం బ్యాటరీ ఒక్కటే 400 కిలోల పైచిలుకు. మొత్తం బండి 980 కిలోలు. అంటే బండి బరువులో నాలుగు పాళ్లు బ్యాటరీదే అనుకుంటే, ఆరు పాళ్లు మిగతా బండి అంతా కలిపి. ఒకసారి ఛార్జి చేస్తే సుమారు 50 కిలోమీటర్లు. ఇంగ్లండులోని లూటన్ నుంచి హార్ట్ అనే ఆయన ఇంకా బలమైన బండి కావాలని అడిగాడు. నాలుగు చక్రాలకూ నాలుగు మోటార్లు పెట్టి పోర్షే బండి కట్టించాడు. దాని బ్యాటరీ బరువు 1,800 కిలోలు! ఇద్దరు మనుషులు ఎక్కడానికి ఒక మదపుటేనుగు పిల్లనంత సీసాన్ని మోసే బండి.

సైన్సు చదివే విద్యార్థుల కోసం ఒక లెక్క. ఒక కిలో సీసం బ్యాటరీలో సుమారు 30 వాట్-అవర్ల శక్తి పడుతుంది. ఒక కిలో పెట్రోలులో సుమారు 12,000. ఇంజను అందులో ముప్పాతిక భాగాన్ని వేడిగా పారేసినా మిగిలేది వంద రెట్లు. కొండ ఎక్కే కూలీ తన తిండి తానే మోసుకుపోతున్నాడనుకోండి. ఇంకా దూరం పోవాలంటే ఇంకా బియ్యం కావాలి. ఇంకా బియ్యం మోయాలంటే ఇంకా తినాలి. ఒక హద్దు దాటాక మోసేదంతా తినడానికే సరిపోతుంది. సీసం బ్యాటరీ బండి సరిగ్గా ఆ హద్దు దగ్గర నిలబడిపోయింది. పోర్షే ఎంత తెలివైనవాడైనా సీసాన్ని తేలిక చేయలేడు కదా.

అప్పుడాయన చేసిన పని ఈ కథకంతటికీ గుండెకాయ. బ్యాటరీని చిన్నది చేశాడు. బండిలో రెండు చిన్న పెట్రోలు ఇంజన్లు పెట్టాడు. ఆ ఇంజన్లు చక్రాలను తిప్పవు. ఒక్కోటి ఒక్కో డైనమోను తిప్పుతుంది. డైనమో కరెంటు పుట్టిస్తుంది. ఆ కరెంటు చక్రాల్లోని మోటార్లకు పోతుంది, మిగిలితే బ్యాటరీలోకి చేరుతుంది. అంటే బండే తన వెంట ఒక చిన్న కరెంటు ఫ్యాక్టరీని తీసుకుపోతుంది. దానికి లాటిన్‌లో 'సెంపర్ వీవుస్' అని పేరు పెట్టారు, ఎప్పుడూ ప్రాణంతో ఉండేది అని అర్థం. బ్యాటరీ అయిపోయి దారిలో చచ్చిపోదు గనుక ఆ పేరు. అది సుమారు 200 కిలోమీటర్లు పోగలిగేది. దాని వెనక వచ్చిన, అమ్మకానికి పెట్టిన నమూనా పేరు 'మిక్స్‌టె', అంటే కలగలిపినది. మిక్స్‌టెలో ఒకే పెద్ద పెట్రోలు ఇంజను, ఇంకా చిన్న బ్యాటరీ.

తెలుగు పంతుళ్లం కాబట్టి ఈ పేరు దగ్గర ఒక్క నిమిషం ఆగుతాం. మన వ్యాకరణంలో సమాసాలను సాంస్కృతికం, ఆచ్ఛికం, మిశ్రమం అని విడదీస్తారు. సంస్కృత పదమూ తెలుగు పదమూ కలిస్తే మిశ్రమం. అయితే ఏది పడితే అది కలిపేస్తే కుదరదు, వైరి సమాసం అని తప్పు పడతారు. పెట్రోలునూ కరెంటునూ ఒకే బండిలో కలపడం ఆ రోజుల్లో చాలామందికి వైరి సమాసంలాగే కనిపించి ఉంటుంది. హైబ్రిడ్ అనే మాట మన రైతులకు విత్తనాల వల్ల ఎప్పుడో తెలుసు. బండికి అంటుకోవడానికే ఆలస్యమైంది. జపాన్‌లో టయోటా కంపెనీ ప్రియస్ కారును అమ్మకానికి తెచ్చింది 1997లో. పోర్షే మొదటి హైబ్రిడ్‌కూ దానికీ మధ్య దాదాపు వందేళ్ల దూరం.

మరి మధ్యలో ఏమైంది? పోర్షే బండి బాగానే నడిచింది. 1902లో సైనిక విన్యాసాల్లో ఆయనే మిక్స్‌టెను నడుపుతూ యువరాజు ఫ్రాంజ్ ఫెర్డినాండ్‌ను తిప్పాడు. వియన్నా దగ్గరి కొండదారి పోటీలో తన తరగతిలో గెలిచాడు. 1903లో అలోయిసియాను పెళ్లి చేసుకున్నాడు, తర్వాత కూతురు లూయీసె, కొడుకు ఫెరీ పుట్టారు. పేరు వచ్చింది గానీ బండ్లు మాత్రం పెద్దగా అమ్ముడుపోలేదు. ఒక బండిలో రెండు బండ్ల ఖర్చు పెట్టాలి: ఇంజనూ కొనాలి, డైనమో, మోటార్లు, బ్యాటరీ కూడా కొనాలి. చక్రాలు బరువెక్కడం వల్ల టైర్లు తొందరగా అరిగేవి. అటు పెట్రోలు ఇంజను ఏటికేడు మెరుగవుతూ వచ్చింది. 1908లో ఫోర్డు కంపెనీ మోడల్-టి వచ్చి ధరలు దించింది. 1912లో కాడిలాక్ కారులో ఇంజన్ను లేపడానికి ఒక చిన్న కరెంటు మోటారు పెట్టారు. హ్యాండిల్ తిప్పే బాధ పోయింది. బ్యాటరీ బండిని వీధిలోంచి తరిమింది చివరికి ఒక బ్యాటరీయే.

కానీ ఒక్క చోట బ్యాటరీ బండి నిలదొక్కుకుంది. వియన్నా అగ్నిమాపక దళం లోనెర్-పోర్షే బండ్లను వాడింది. ఆలోచించండి, ఫైరింజను ఎప్పుడు పిలిచినా క్షణంలో కదలాలి. ఊరు దాటి పోనక్కర్లేదు. పని అయ్యాక తన షెడ్డుకే తిరిగొస్తుంది. అక్కడ ఛార్జి చేసుకుంటుంది. సీసం బ్యాటరీ కాలంలో కూడా ఆ పనికి అది సరిపోయింది.

ఇంటి బండిని తూచేటప్పుడు ఈ ఫైరింజను పద్ధతే పనికొస్తుందని మా అభిప్రాయం. బండి గొప్పదా అని కాకుండా, రోజూ ఎంత దూరం, రాత్రి ఎక్కడ పడుకుంటుంది అని ముందు అడగాలి. బడి, ఆఫీసు, కూరగాయల బజారు కలిపి రోజుకు 30 కిలోమీటర్లు తిరిగే ఇల్లు ఒకటి ఉందనుకుందాం. నెలకు 900. మామూలు బ్యాటరీ కారు 100 కిలోమీటర్లకు 15 యూనిట్ల దాకా తింటుంది. యూనిట్ 8 రూపాయలనుకుంటే 120 రూపాయలు. పెట్రోలు కారుకు 100 కిలోమీటర్లకు 6 లీటర్లు, లీటరు 100 రూపాయలనుకుంటే 600. మంచి హైబ్రిడ్‌కు 4 లీటర్ల చిల్లర, అంటే 400 పైన. నెలకు బ్యాటరీ బండికి సుమారు 1,080, పెట్రోలుకు 5,400, హైబ్రిడ్‌కు 3,600. మీ ఊరి ధరలు వేసుకుని మీ ఇంటి లెక్క మీరు చేయండి. కొనేటప్పుడు ఎంత ఎక్కువ పెట్టామో దాన్ని ఈ నెలసరి తేడాతో భాగిస్తే, ఆ డబ్బు ఎన్ని నెలలకు తిరిగొస్తుందో తెలుస్తుంది. కొన్ని ఇళ్లకు నాలుగేళ్లు వస్తుంది, కొన్ని ఇళ్లకు పదేళ్లు దాటుతుంది. రోజుకు ఐదు కిలోమీటర్లు తిరిగే ఇంటికి ఆ డబ్బు ఎప్పటికీ తిరిగి రాదు. ఆ ఇంటికి ఉన్న స్కూటరే మేలు.

రెండో ప్రశ్న, బండి రాత్రి ఎక్కడ పడుకుంటుంది? సొంత ఇల్లు, సొంత వాకిలి ఉంటే బ్యాటరీకి ఎదురు లేదు. మూడో అంతస్తు క్వార్టర్సులో ఉండి, కింద చెట్టు నీడన బండి పెట్టేవాళ్లకు కథ వేరు. కిటికీలోంచి వైరు కిందికి వేలాడదీయడం ప్రమాదం, నిబంధనలూ ఒప్పుకోవు. ఇక కొండప్రాంతాల చలికి బ్యాటరీ పోయే దూరం తగ్గిపోతుంది. బదిలీ ఉత్తర్వు వచ్చిన రోజున వెయ్యి కిలోమీటర్లు పోవలసిన కుటుంబానికి దారిలో ఛార్జింగ్ కేంద్రాలు ఎక్కడెక్కడ ఉన్నాయో పటం పెట్టుకుని చూడక తప్పదు. అలాంటివారికి హైబ్రిడ్ నయం. ఊళ్లో ట్రాఫిక్‌లో బ్రేకు వేసినప్పుడల్లా వృథాగా పోయే శక్తిని అది కొంత బ్యాటరీలోకి తిరిగి లాక్కుంటుంది. సిగ్నలు దగ్గర ఇంజను ఆగిపోతుంది. పొడుగు ప్రయాణంలో పెట్రోలు బంకు చాలు. అయితే హైవే మీద ఒకే వేగంతో పోయేటప్పుడు హైబ్రిడ్ ఆదా ఊళ్లో ఉన్నంత ఉండదు. పొగ లేని బండి అనే మాటను కూడా కాస్త తూచే అనాలి. మన దేశంలో కరెంటులో సగానికి పైగా ఇంకా బొగ్గు నుంచే వస్తోంది. వీధిలో పొగ తగ్గుతుంది, అది పిల్లల ఊపిరితిత్తులకు పెద్ద మేలే. మిగతా మేలు ఆ కరెంటు ఎక్కడిదన్న దాన్ని బట్టి ఉంటుంది. పోర్షే కాలానికీ ఇప్పటికీ మారింది ముఖ్యంగా ఒక్కటే: సీసం పోయి లిథియం వచ్చింది. కిలోకు 30 పట్టే చోట ఇప్పుడు 150, ఆపైన పడుతున్నాయి. మోటారు ఆలోచన మాత్రం అప్పటిదే.

మళ్లీ ఆయన జీవితంలోకి వద్దాం. 1906లో పోర్షే లోనెర్‌ను వదిలి ఆస్ట్రో-డైమ్లర్ కంపెనీకి సాంకేతిక నాయకుడయ్యాడు. 1910లో తాను గీసిన పెట్రోలు కారులో పెద్ద పోటీ గెలిచాడు. మొదటి ప్రపంచ యుద్ధం వచ్చాక, ఆయన పాత హైబ్రిడ్ ఆలోచన సైన్యానికి పనికొచ్చింది. ముందు బండిలో పెట్రోలు ఇంజను, డైనమో. వెనక కట్టిన బండ్ల చక్రాలన్నిటికీ తీగల ద్వారా కరెంటు. పట్టాలు లేని రైలు అన్నమాట. దానిమీద భారీ ఫిరంగులు కొండదారులు ఎక్కాయి. 1917లో వియన్నా సాంకేతిక విశ్వవిద్యాలయం ఆయనకు గౌరవ డాక్టరేటు ఇచ్చింది. వెనక వరసలో దొంగచాటుగా పాఠం విన్న చోటే. ఆ తర్వాత ఆయన్ను అందరూ డాక్టర్ పోర్షే అనే పిలిచారు.

1923లో జర్మనీలోని స్టుట్‌గార్ట్‌కు, డైమ్లర్ కంపెనీకి మారాడు. అక్కడ గొప్ప రేసుకార్లు గీశాడు. ఆయనకు మనసులో వేరే కోరిక ఒకటి ఉండేది: మామూలు కుటుంబం కొనగలిగే చిన్న కారు. యాజమాన్యాలకు అది రుచించలేదు. ఆయనా సర్దుకుపోయే మనిషి కాదు, కోపం వస్తే టోపీ నేలకేసి కొట్టే రకమని పేరు. ఒక కంపెనీ వదిలి ఇంకో కంపెనీ, అదీ వదిలి 1931లో స్టుట్‌గార్ట్‌లో సొంత డిజైన్ ఆఫీసు పెట్టాడు. అప్పుడు డబ్బు పెట్టి నిలబెట్టినవారిలో ఆడోల్ఫ్ రోజెన్‌బెర్గర్ అనే యూదు రేసింగ్ డ్రైవరు ఒకడు.

1933లో హిట్లర్ అధికారానికి వచ్చాడు. ప్రతి జర్మన్ ఇంటికీ కారు అన్నది అతని ప్రచారంలో ఒక అంశం. పోర్షే కోరికకూ ఆ ప్రచారానికీ లంకె కుదిరింది. 1934లో ఒప్పందం అయింది. ఇద్దరు పెద్దలు, ముగ్గురు పిల్లలు పట్టాలి. గంటకు 100 కిలోమీటర్ల వేగం పోవాలి. ధర 990 మార్కులు దాటకూడదు. ఈసారి బ్యాటరీ ఊసే లేదు. వెనక గాలితో చల్లబడే పెట్రోలు ఇంజను, గుండ్రటి వీపు. అదే తర్వాత లోకమంతా బీటిల్ అని పిలిచిన ఫోక్స్‌వ్యాగన్. 1938లో ఫ్యాక్టరీకి శంకుస్థాపన జరిగింది. వారానికి 5 మార్కుల చొప్పున స్టాంపులు కొని పుస్తకంలో అంటిస్తే, పుస్తకం నిండాక కారు ఇస్తామన్నారు. 3 లక్షలకు పైగా కుటుంబాలు డబ్బు కట్టాయి. యుద్ధం వచ్చింది. ఆ పథకం కింద ఒక్క ఇంటికీ కారు దక్కలేదు. ఫ్యాక్టరీలో తయారైనవి సైన్యపు బండ్లు.

ఇంతకంటే బరువైన సంగతులున్నాయి. 1935లో రోజెన్‌బెర్గర్ వాటా చేతులు మారింది. అదే ఏడు అతన్ని అరెస్టు చేసి నిర్బంధ శిబిరంలో పెట్టారు. బయటపడ్డాక దేశం వదిలిపోయాడు. 1937లో పోర్షే నాజీ పార్టీలో చేరాడు. యుద్ధకాలంలో ఫోక్స్‌వ్యాగన్ ఫ్యాక్టరీలో సుమారు 20,000 మంది చేత బలవంతంగా పని చేయించారు. వారిలో యుద్ధ ఖైదీలు, ఆక్రమించిన దేశాల నుంచి పట్టుకొచ్చిన వారు, నిర్బంధ శిబిరాల నుంచి తెచ్చిన వారు ఉన్నారు. ఆ ఫ్యాక్టరీని నడిపిన పెద్దల్లో పోర్షే ఒకడు. తనకు యంత్రాలే తెలుసు, రాజకీయాలు తెలియవు అన్నట్టు ఆయన బతికాడని కొందరు రాస్తారు. మాకది చాలదనిపిస్తుంది. రాత్రి బడిలో చదివి, విశ్వవిద్యాలయంలో వెనక వరసన నిలబడి ఎదిగినవాడికి, తన ఫ్యాక్టరీలో ఎవరు ఏ స్థితిలో పని చేస్తున్నారో కనిపించకుండా ఉంటుందా?

ఆ రోజుల్లోనే ఆయన హైబ్రిడ్ మూడోసారి పైకి వచ్చింది, ఈసారి యుద్ధ ట్యాంకు రూపంలో. పెట్రోలు ఇంజన్లు డైనమోలను తిప్పుతాయి, ఆ కరెంటుతో మోటార్లు ట్యాంకును నడుపుతాయి. 1942లో పరీక్షించి చూస్తే మాటిమాటికీ చెడిపోయింది. ఇంకో కంపెనీ ట్యాంకును ఎంచుకున్నారు. అప్పటికే తయారై ఉన్న 90 దాకా అడుగుభాగాల మీద ఫిరంగులు బిగించి 1943లో కుర్స్క్ యుద్ధానికి పంపారు. ఆ యంత్రాలకు పెట్టిన పేరు ఫెర్డినాండ్. ఆ తర్వాత 188 టన్నుల మహా ట్యాంకుకూ ఇదే ఏర్పాటు. దానికి ఎలుక అని పేరు. పారిస్ ప్రదర్శనలో చప్పుడు లేని బగ్గీగా మొదలైన ఆలోచన అక్కడిదాకా పోయింది.

1945 చివర ఫ్రెంచివారు ఆయన్ను అరెస్టు చేశారు. దాదాపు 20 నెలలు నిర్బంధంలో ఉన్నాడు, అందులో కొంతకాలం దిజోన్ జైల్లో. అప్పటికి 70 దాటిన వయసు. 1947 ఆగస్టులో డబ్బు కట్టించుకుని వదిలారు. 1948లో ఫ్రెంచి న్యాయస్థానం ఆ కేసు నుంచి ఆయన్ను విడుదల చేసింది. ఆ ఏడే కొడుకు ఫెరీ ఆస్ట్రియాలోని గ్మూండ్ అనే చిన్న ఊళ్లో పోర్షే పేరుతో మొదటి కార్లు చేశాడు. మీ గోడమీది రేసుకార్ల వంశం అక్కడ మొదలైంది. 1950 నవంబరులో పెద్దాయన వోల్ఫ్స్‌బర్గ్ వెళ్లి, ఫ్యాక్టరీ నుంచి బీటిల్ కార్లు బారులు తీరి బయటికి రావడం చూశాడు. తిరిగొచ్చాక పక్షవాతం వచ్చింది. 1951 జనవరి 30న స్టుట్‌గార్ట్‌లో కన్నుమూశాడు. బీటిల్ తయారీ 2003 దాకా సాగింది, మొత్తం 2 కోట్ల 10 లక్షలకు పైగా. స్టాంపులు అంటించిన కుటుంబాల్లో కొందరు కోర్టులకెక్కి ఏళ్ల తరబడి పోరాడాక, 1961లో కొత్త కారు ధరలో కొంత తగ్గింపు పొందారు.

2011లో పోర్షే కంపెనీవారు పాత చిత్రాలు, ఫోటోల ఆధారంగా సెంపర్ వీవుస్‌ను మళ్లీ కట్టారు. అది నడుస్తుంది. పుట్టిన ఊరు వ్రతిస్లావిత్సేలో, ఇది ఫెర్డినాండ్ పోర్షే జన్మస్థలం అని రాసి ఉన్న బోర్డులను 2013లో తొలగించారు. నాజీలతో ఆయన సంబంధం గుర్తున్నవారు ఒప్పుకోలేదు. పుట్టిన ఇల్లు మాత్రం ఉంది. స్కోడా కంపెనీ దాన్ని కొని బాగుచేయించి, 2016లో ప్రదర్శనశాలగా తెరిచింది.